చిగుళ్ల జబ్బు, గుండెపోటు: మూడు ప్రశ్నలు, ఒకటిన్నర జవాబు

చిగుళ్ల నుంచి రక్తం కారుతుంటే గుండెకు ముప్పు తప్పదని ఒకరంటారు. నోటికీ గుండెకీ ముడిపెట్టడం జనాన్ని భయపెట్టి గార తీయించడానికేనని ఇంకొకరు కొట్టిపారేస్తారు. ఇద్దరి చేతిలోనూ పేరున్న వైద్య పత్రికల్లో అచ్చయిన పరిశోధనలే ఉంటాయి. వాదం ఇంతగా చిక్కుపడింది మూడు వేర్వేరు ప్రశ్నలను ఒక్కటిగా కలిపి అడగడం వల్ల. చిగుళ్ల జబ్బు ఉన్నవాళ్లకు గుండెపోట్లు ఎక్కువగా వస్తున్నాయా? వస్తుంటే ఆ జబ్బు వల్లే వస్తున్నాయా? చిగుళ్లకు వైద్యం చేస్తే గుండెపోటు తప్పుతుందా? మొదటిదానికి జవాబు చాలావరకు దొరికింది. రెండోది సగం దారిలో ఆగింది. మూడోదానికి జవాబు ఇంకా రాలేదు. మొదటి ప్రశ్నకు దొరికిన జవాబును తీసుకెళ్లి మూడోదానికి అతికించి చెప్పేవాళ్ల వల్లే రోగులు తప్పుదారి పడుతున్నారు.

ముందు జబ్బు సంగతి చూద్దాం. పళ్ల మీద పేరుకున్న పాచి గట్టిపడి గారగా మారుతుంది. దాని అంచున చిగురు ఎర్రబడి, వాచి, బ్రష్ తగిలితే రక్తం వస్తుంది. ఈ దశలో శుభ్రం చేస్తే పూర్తిగా నయమవుతుంది. అలా వదిలేసిన కొందరిలో చిగురు పంటి నుంచి విడిపోయి మధ్యలో సందు ఏర్పడుతుంది, పంటిని పట్టి ఉంచే ఎముక కరిగిపోతుంది. మన ఇళ్లలో పయోరియా అనే ఈ దశనే వైద్యులు పెరియోడాంటైటిస్ అంటారు. దంతవైద్యులు మిల్లీమీటర్ల గీతలున్న సన్నటి కొలపుల్లను పంటికీ చిగురుకీ మధ్యకు దించి చూస్తారు. మూడు మిల్లీమీటర్ల లోపే ఆగితే చిగురు ఆరోగ్యంగా ఉన్నట్టు. నాలుగు, అంతకు మించి దిగితే సందు పడినట్టు. నోరంతా జబ్బు పాకినవాళ్లలో ఈ సందుల లోపలి గోడలన్నీ కలిపితే సుమారు 8 నుంచి 20 చదరపు సెంటీమీటర్ల మేర పుండు ఉంటుందని అంచనా. అరచేయంత పుండు అని చెప్పే మాట అతిశయోక్తే. అయినా ఏళ్ల తరబడి మానకుండా, బ్యాక్టీరియాతో నిండి ఉండే పుండు శరీరంలో మరెక్కడ ఉన్నా ఎవరూ ఊరుకోరు.

పళ్లన్నీ పీకించిన సిద్ధాంతం

నోటి నుంచి రోగాలు ఒంట్లోకి పాకుతాయన్న మాట కొత్తది కాదు. 1910లో బ్రిటిష్ వైద్యుడు విలియం హంటర్ కెనడాలోని మాంట్రియల్‌లో, మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో ప్రసంగిస్తూ నోట్లోని చీము ఎన్నో జబ్బులకు మూలమని గట్టిగా వాదించారు. షికాగోలో ఫ్రాంక్ బిల్లింగ్స్ ఆ వాదాన్నే 'ఫోకల్ ఇన్ఫెక్షన్' సిద్ధాంతంగా నిలబెట్టారు. శరీరంలో ఏదో ఒక మూల దాగిన ఇన్ఫెక్షనే కీళ్లను, కిడ్నీలను, గుండెను దెబ్బతీస్తుందన్నది దాని సారం. తర్వాత పాతికేళ్ల పాటు అమెరికాలో కీళ్లనొప్పులకూ నీరసానికీ కూడా పళ్లు పీకేశారు. న్యూజెర్సీలోని ట్రెంటన్ ప్రభుత్వ మానసిక ఆసుపత్రిలో హెన్రీ కాటన్ పిచ్చి కుదర్చడానికి రోగుల పళ్లు, టాన్సిల్స్ తీసి, చివరికి పేగుల దాకా వెళ్లారు. ఆ ఆపరేషన్లలో చాలామంది చనిపోయారు.

1938లో సెసిల్, ఏంజెవిన్ అనే ఇద్దరు వైద్యులు 200 మంది కీళ్లవాతం రోగుల వివరాలు పరిశీలించి, పళ్లూ టాన్సిల్సూ తీసేయడం వల్ల ఒరిగిందేమీ లేదని రాశారు. సిద్ధాంతం క్రమంగా మూలపడింది. నేటికీ గుండె వైద్యులు ఈ విషయంలో అనుమానంగా ఉండటానికి ఆ చేదు చరిత్ర ఒక కారణం. ఆ అనుమానం న్యాయమైనదే. నమ్మకం ముందు పరుగెత్తి, రుజువు వెనకబడితే ఏం జరుగుతుందో వైద్యం అప్పటికే ఒకసారి చూసింది.

హెల్సింకీ నుంచి మళ్లీ మొదలు

1989లో ఫిన్లాండ్‌కు చెందిన కిమ్మో మాట్టిలా బృందం బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక చిన్న అధ్యయనం ప్రచురించింది. గుండెపోటు వచ్చిన 100 మందిని, రాని 102 మందితో పోల్చింది. వయసు, పొగతాగడం, కొలెస్ట్రాల్, షుగరు వంటివన్నీ లెక్కలోకి తీసుకున్నాక కూడా గుండెపోటు వచ్చినవాళ్ల నోటి ఆరోగ్యమే అధ్వానంగా తేలింది. అయితే చాలామంది గమనించని సంగతొకటుంది. వాళ్లు కొలిచింది చిగుళ్ల జబ్బును మాత్రమే కాదు. పుచ్చిపళ్లు, పంటి వేరు కింద చీము అన్నీ కలిపి ఒకే మార్కు వేశారు. చిగుళ్ల వాదానికి పునాదిగా చెప్పుకొనే ఈ పత్రం నిజానికి నోటి మొత్తం గురించి రాసింది.

తర్వాతి పాతికేళ్లలో ఇలాంటి అధ్యయనాలు వందల్లో వచ్చాయి. కొందరు వైద్యుడి పరీక్షతో జబ్బును నిర్ధారించారు, కొందరు ఎక్స్‌రేలో ఎముక అరుగుదల చూశారు, ఇంకొందరు ఊడిన పళ్లు లెక్కపెట్టారు. కొందరైతే 'మీకు చిగుళ్ల జబ్బు ఉందా' అని కాగితం మీద అడిగి సరిపెట్టుకున్నారు. ఇన్ని రకాలుగా కొలిచినదాన్ని ఒకే జబ్బుగా కలిపేసి సగటు తీస్తే వచ్చే అంకెను ఎంతవరకు నమ్మాలన్నది మొదటి చిక్కు.

ఒకే లెక్కలు, రెండు తీర్పులు

రెండో చిక్కును అర్థం చేసుకోవడానికి ఒక జంట అధ్యయనాలు చాలు. అమెరికా ప్రభుత్వం 1970ల మొదట్లో వేలాది మందికి ఆరోగ్య పరీక్షలు చేసి, ఆ తర్వాత ఏళ్లపాటు వాళ్ల బాగోగులు నమోదు చేసింది. 1993లో డిస్టిఫానో బృందం ఆ సర్వేలోని 9,760 మంది వివరాలు తీసి, పెరియోడాంటైటిస్ ఉన్నవాళ్లకు గుండెజబ్బు ముప్పు 25 శాతం ఎక్కువని, 50 ఏళ్ల లోపు మగవాళ్లలో 72 శాతం ఎక్కువని చెప్పింది. 2000లో ఫిలిప్ హుజోయెల్ బృందం అదే సర్వే నుంచి 8,032 మందిని తీసుకుని, మరింత కాలం అనుసరించి, మరిన్ని అంశాలను సరిచూసి లెక్కవేసింది. ఈసారి తేడా 14 శాతానికి పడిపోయింది. అదికూడా యాదృచ్ఛికంగా వచ్చి ఉండొచ్చన్నంత బలహీనంగా ఉంది. రెండు బృందాలూ నిజాయితీగానే పనిచేశాయి. మారిందల్లా సరిచూసిన అంశాలూ, గడిచిన కాలమూ.

2001లో అమెరికాలోని 22,037 మంది మగ డాక్టర్ల మీద వచ్చిన అధ్యయనంలో సంబంధం కనిపించనే లేదు. చదువు, ఆదాయం, వైద్య సదుపాయం దాదాపు ఒక్కలాగే ఉన్న జనంలో ముడి విడిపోయిందంటే అసలు ముడి పేదరికానిదేమో అన్న అనుమానం బలపడింది. ఆ డాక్టర్లెవరి చిగుళ్లనూ ఎవరూ పరీక్షించలేదు, వాళ్లు స్వయంగా చెప్పిందే రాసుకున్నారు. కాబట్టి దీన్నీ తుదితీర్పుగా తీసుకోలేం.

ఇంతవరకు జరిగినవాటిలో జాగ్రత్తగా చేసిన అధ్యయనం స్వీడన్‌ది. 2016లో వెలువడిన పారోక్రాంక్ అనే ఆ అధ్యయనంలో మొదటిసారి గుండెపోటు వచ్చిన 805 మందినీ, వయసులో, లింగంలో, ప్రాంతంలో వాళ్లకు సరిజోడైన 805 మందినీ ఎంచి అందరికీ దవడ మొత్తం ఎక్స్‌రే తీశారు. గుండెపోటు వచ్చినవాళ్లలో 43 శాతానికి, రానివాళ్లలో 33 శాతానికి పెరియోడాంటైటిస్ ఉంది. పొగతాగడం, షుగరు, చదువు, వైవాహిక స్థితి లెక్కలోకి తెచ్చేసరికి, గుండెపోటు వచ్చే అవకాశంలో 49 శాతమున్న తేడా 28 శాతానికి తగ్గింది. తగ్గింది గానీ పోలేదు. ఎముక అరగడం ఏళ్లు పట్టే పని కాబట్టి, గుండెపోటు వచ్చాక నోటిని నిర్లక్ష్యం చేయడం వల్ల ఈ తేడా వచ్చిందనడానికి వీల్లేదు. మొదటి ప్రశ్నకు జవాబు దొరికిందని చెప్పడానికి ఈ అధ్యయనం నాకు ప్రధాన ఆధారం. సంబంధం ఉంది. అది ఓ మోస్తరుది.

28 శాతం అంటే ఎంత? పదేళ్లలో వందమందిలో ఎనిమిది మందికి గుండెపోటు వచ్చే గుంపు ఉందనుకుందాం. అక్కడ ఆ సంఖ్య పదికి పెరగడం. తీసిపారేయదగ్గది కాదు, గుండెలు బాదుకోవాల్సిందీ కాదు.

పొగాకు నీడ

ఈ మోస్తరు తేడాను పూర్తిగా పొగాకు ఖాతాలో వేయవచ్చనే వాదన గట్టిది. పొగతాగడం చిగుళ్లనూ గుండెనూ రెండింటినీ పాడుచేస్తుంది. లెక్కల్లో దాన్ని సరిచూశామని చెప్పినా 'తాగుతారా, తాగరా' అన్న రెండు గడుల ప్రశ్నతో నలభై ఏళ్ల అలవాటు పట్టుబడదు. రోజుకెన్ని, ఎన్నేళ్లు, మానేసి ఎన్నాళ్లు అన్నవన్నీ కలిస్తే గానీ నిజం బయటపడదు. పొగ నీడ కొంచెం మిగిలిపోయినా చాలు, చిన్న సంబంధం పెద్దదిగా కనబడుతుంది. ఇంకో విచిత్రం కూడా ఉంది. పొగతాగేవాళ్ల చిగుళ్లలో రక్తనాళాల స్పందన తగ్గిపోవడంతో జబ్బు ముదిరినా రక్తం అంతగా కారదు. రక్తం రావట్లేదు కదా అని వాళ్లు నిశ్చింతగా ఉంటారు, లోపల ఎముక కరుగుతూ ఉంటుంది.

షుగరు, ఊబకాయం, పేదరికం, వేళకు వైద్యం అందకపోవడం కూడా రెండు జబ్బులకూ ఉమ్మడి మూలాలే. జన్యువుల్లోనూ ఉమ్మడితనం ఉంది. తొమ్మిదో క్రోమోజోమ్ మీద హృద్రోగంతో ముడిపడిన ఒక ప్రాంతానికి, తీవ్రమైన చిగుళ్ల జబ్బుతోనూ సంబంధం ఉందని 2009లో జర్మన్ పరిశోధకులు చూపారు. ఈ లెక్కన చిగుళ్ల జబ్బు, గుండెజబ్బు ఒకదాన్నొకటి పుట్టించేవి కావు, ఒకే మట్టిలో మొలిచిన రెండు కలుపు మొక్కలు.

కారణమే అనేవాళ్ల వాదం

అలా కాదు, చిగుళ్లే కారణమనేవాళ్లలో రెండు పాయలున్నాయి.

మొదటి పాయ బ్యాక్టీరియాను నేరుగా దోషిగా నిలబెడుతుంది. చిగుళ్ల సందుల్లోంచి సూక్ష్మజీవులు రక్తంలోకి చేరతాయన్నది నిజం. 2008లో పీటర్ లాక్‌హార్ట్ బృందం 290 మందిని పరీక్షించినప్పుడు యాంటీబయాటిక్ లేకుండా పన్ను పీకించుకున్నవాళ్లలో 60 శాతం మంది రక్తంలో, కేవలం బ్రష్ చేసుకున్నవాళ్లలో 23 శాతం మంది రక్తంలో బ్యాక్టీరియా దొరికింది. మెడ ధమనుల్లోంచి తీసిన 50 పూడికలను 2000లో పరిశీలిస్తే 44 శాతంలో చిగుళ్ల బ్యాక్టీరియా జన్యు పదార్థం కనబడింది. 2005లో ఫ్లోరిడా పరిశోధకులు ధమని పూడికలో పోర్ఫిరోమోనాస్ జింజివాలిస్ అనే చిగుళ్ల బ్యాక్టీరియా ప్రాణంతో ఉందని కూడా చూపారు. కానీ పూడికలో దొరికినంత మాత్రాన పూడికను కట్టింది అదేనని చెప్పలేం. అప్పటికే దెబ్బతిన్న గోడలో వచ్చి తలదాచుకుని ఉండొచ్చు.

రెండో పాయ వాపు ప్రక్రియను చూపిస్తుంది. చిగుళ్లలో నిత్యం రగిలే వాపు వల్ల కాలేయం సీఆర్‌పీ వంటి ప్రొటీన్లను ఎక్కువగా వదులుతుంది, రక్తనాళాల లోపలి పొర మొద్దుబారుతుంది, పూడికలు చిట్లే గుణం పెరుగుతుంది. ఇందులో మొదటి రెండింటికీ మనుషుల్లో ఆధారాలున్నాయి. గుండెపోటులో వాపు పాత్ర గురించి 2017లో కాంటోస్ ట్రయల్ పెద్ద మలుపు తెచ్చింది. కొలెస్ట్రాల్‌ను ఏమాత్రం తగ్గించకుండా వాపును మాత్రమే అణిచే కనకినుమాబ్ అనే మందును 10,061 మంది మీద పరీక్షిస్తే, 150 మిల్లీగ్రాముల మోతాదు తీసుకున్నవాళ్లలో గుండెపోటు, పక్షవాతం, గుండెజబ్బు మరణాలు 15 శాతం తగ్గాయి. ప్రాణాంతక ఇన్ఫెక్షన్లు మాత్రం పెరిగాయి. మరోవైపు కీళ్లవాతానికి వాడే మెథోట్రెక్సేట్‌తో చేసిన అలాంటి ట్రయల్‌లో గుండెకు మేలు జరగలేదు. వాపు అంతా ఒకటి కాదు. ఏ దారిలో వచ్చే వాపు అన్నది ముఖ్యం. చిగుళ్ల వాపు ఏ దారిది అన్న ప్రశ్నకు ఎవరి దగ్గరా గట్టి జవాబు లేదు.

పోల్చి చూస్తే, ఉమ్మడి మూలాల వాదం లెక్కల్లో బలంగా ఉంది. బ్యాక్టీరియా వాదానికి ప్రయోగశాలలో బలం ఎక్కువ, రోగుల్లో తక్కువ. వాపు వాదం రెండింటికీ నడుమ నిలబడి, ఈ పదేళ్లలో కాస్త ముందుకు వచ్చింది. ఈ మూడింటిలో ఒకటి నిజమైతే మిగతావి అబద్ధం కానక్కర్లేదు.

వైద్యం చేసి చూస్తే

వాదాన్ని తేల్చేది ట్రయల్ ఒక్కటే. 2007లో లండన్‌లో 120 మంది తీవ్ర చిగుళ్ల రోగుల్ని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు చిగుళ్ల లోతు దాకా గట్టి వైద్యం చేశారు. మర్నాడు చూస్తే వాళ్ల రక్తనాళాలు సాగే గుణం తగ్గింది, రక్తంలో వాపు గుర్తులు పెరిగాయి. ఆరు నెలలకు మాత్రం రెండో గుంపు కంటే రక్తనాళాలు మెరుగయ్యాయి. 2010లో అమెరికా వైద్య బీమా రికార్డులు తిరగేసిన ఇంకో అధ్యయనం దీనికి తోడైంది. పన్ను పీకడం లాంటి కోత వైద్యం తర్వాతి నాలుగు వారాల్లో గుండెపోటు, పక్షవాతం మామూలుకంటే ఒకటిన్నర రెట్లు ఎక్కువగా వచ్చాయి, ఆరు నెలల్లో మామూలు స్థితికి చేరాయి. నోటికీ రక్తనాళాలకూ మధ్య తలుపు తెరిచే ఉందని ఈ రెండూ చెబుతున్నాయి. మేలు జరిగినా, కీడు జరిగినా ఆ తలుపులోంచే.

కానీ రక్తనాళం సాగడం వేరు, గుండెపోటు తప్పడం వేరు. గుండెజబ్బు ఉన్న 303 మందితో అమెరికాలో చేసిన పేవ్ ట్రయల్ పెద్ద ట్రయల్‌కు నమూనాగా మొదలైంది. వైద్యం ఇవ్వని గుంపులో దాదాపు సగం మంది బయట తమంతట తామే పళ్ల డాక్టర్ల దగ్గరికి వెళ్లిపోయారు. రెండు గుంపుల మధ్య తేడా ఏముంటుంది? పక్షవాతం వచ్చిన 280 మందితో తర్వాత చేసిన ప్రీమియర్స్ ట్రయల్‌లోనూ గట్టి వైద్యానికీ మామూలు వైద్యానికీ మధ్య నమ్మదగ్గ తేడా తేలలేదు. వైద్య పరిశోధనలను కలిపి తూచే కాక్రేన్ సంస్థ సమీక్షకులు పలుమార్లు వెతికి, 2022 నాటికీ లెక్కలోకి తీసుకోదగ్గవి రెండే ట్రయళ్లని, వాటితో ఏ నిర్ణయానికీ రాలేమని తేల్చారు.

తైవాన్ బీమా రికార్డుల్లో గార తీయించుకునేవాళ్లకు గుండెపోటు తక్కువగా వచ్చిందన్న అధ్యయనాన్ని క్లినిక్కుల ప్రచారంలో తరచూ వాడతారు. క్రమం తప్పక పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లేవాళ్లు బీపీ మాత్ర కూడా క్రమం తప్పక వేసుకునే మనుషులై ఉంటారని మరిచిపోకూడదు. ఇలాంటి ఆశ ఎలా కూలుతుందో క్లమిడియా న్యుమోనియే కథ చెబుతుంది. 1988లో ఫిన్లాండ్‌లోనే, గుండెపోటు రోగుల రక్తంలో ఈ బ్యాక్టీరియా జాడలు బయటపడ్డాయి. పూడికల్లోనూ అది దొరికింది. సంబంధం ఎన్నో అధ్యయనాల్లో కనిపించింది. తీరా 2005లో 4,012 మందికి ఏడాది పాటు యాంటీబయాటిక్ ఇచ్చి చూస్తే, గుండెపోట్లు ఏమీ తగ్గలేదు.

వేల మందితో, ఏళ్ల తరబడి అలాంటి ట్రయల్ చిగుళ్ల విషయంలో ఎందుకు చేయరని అడగవచ్చు. తీవ్రమైన జబ్బు ఉన్నవాళ్లకు ఐదేళ్లు వైద్యం చేయకుండా ఊరుకోవడం అన్యాయం. అదే ప్రధాన అడ్డంకి. చిగుళ్ల వైద్యానికి పేటెంటు లేదు, దాని మీద కోట్లు కుమ్మరించే కంపెనీ లేదు. అదీ మరో కారణమని నా అభిప్రాయం.

సంఘాల తీర్పు

అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2012లో ఇచ్చిన ప్రకటన ఇప్పటికీ చదవదగ్గది. చిగుళ్ల జబ్బుకూ ధమనుల జబ్బుకూ సంబంధం ఉంది, తెలిసిన ఇతర కారణాలను పక్కనబెట్టినా మిగులుతోంది, కానీ అదే కారణమనడానికి గానీ, చిగుళ్ల వైద్యం గుండెపోటును ఆపుతుందనడానికి గానీ ఆధారం లేదు అన్నది దాని సారం. 2020లో యూరప్ చిగుళ్ల వైద్యుల సమాఖ్య, వరల్డ్ హార్ట్ ఫెడరేషన్ కలిసి ఇచ్చిన నివేదికలో ఆధారాలు పెద్దగా మారలేదు, స్వరం మాత్రం మారింది. చిగుళ్ల రోగులకు గుండె ముప్పు గురించి, గుండె రోగులకు చిగుళ్ల గురించి చెప్పమని రెండు వర్గాల వైద్యులకూ అది సూచించింది. రుజువు కోసం ఆగకుండా మాట్లాడుకోవడం మొదలుపెట్టమనడం నాకు సబబుగానే తోస్తోంది.

గుండె కవాటాల ఇన్ఫెక్షన్, అంటే ఎండోకార్డైటిస్, సంగతి వేరు. అక్కడ నోటి బ్యాక్టీరియా పాత్ర రుజువైంది. కృత్రిమ కవాటం ఉన్నవాళ్లు, అంతకుముందు ఆ ఇన్ఫెక్షన్ వచ్చినవాళ్లు పన్ను పీకించుకునే ముందు యాంటీబయాటిక్ వేసుకోవాలి. దీన్ని గుండెపోటుతో కలగలపడం ఈ చర్చలో తరచూ జరిగే పొరపాటు.

మన లెక్క

52 దేశాల్లో సాగిన ఇంటర్‌హార్ట్ అధ్యయనం 2004లో, మొదటి గుండెపోట్లలో తొంభై శాతం దాకా తొమ్మిది కారణాలతోనే వివరించవచ్చని చెప్పింది. పొగాకు, కొలెస్ట్రాల్, బీపీ, షుగరు, పొట్ట చుట్టూ కొవ్వు, మానసిక ఒత్తిడి, కూరగాయలూ పండ్లూ తినకపోవడం, శారీరక శ్రమ లేకపోవడం, మద్యం తీరు. దక్షిణాసియా వాళ్లకు మిగతావాళ్ల కంటే చిన్న వయసులోనే పోటు వస్తుందనీ అందులోనే తేలింది. ఆ జాబితాలో చిగుళ్లు లేవు. శ్రీకాకుళం, విశాఖ తీరంలో చుట్ట నిప్పుకొసను లోపల పెట్టుకుని అడ్డపొగ తాగే ఆడవాళ్ల నోట్లోనైనా, గుట్కా, ఖైనీ నమిలే కుర్రాళ్ల నోట్లోనైనా చిగుళ్లనూ ధమనులనూ ఒకేసారి తినేస్తున్నది పొగాకు. దాన్ని వదిలేసి గార ఒక్కటీ తీయించుకుంటే గుండెకు దక్కేది చాలా తక్కువ.

ఇక్కడే చిగుళ్ల విషయాన్ని సీరియస్‌గా తీసుకోవాల్సిన గట్టి కారణం కూడా ఉంది. అది షుగరు. ఐసీఎంఆర్ అధ్యయనం ప్రకారం దేశంలో పది కోట్ల మందికి పైగా మధుమేహం ఉంది. షుగరు చిగుళ్లను పాడుచేస్తుంది, పాడైన చిగుళ్లు షుగరును అదుపులోకి రానివ్వవు. ఇక్కడ ట్రయళ్లున్నాయి. చిగుళ్ల వైద్యం తర్వాత మూడు నాలుగు నెలల్లో, కొన్ని నెలల షుగరు అదుపును చూపే హెచ్‌బీఏ1సీ సగటున 0.43 శాతం తగ్గుతుందని 2022 కాక్రేన్ సమీక్ష తేల్చింది. 2018లో లండన్‌లో 264 మందితో చేసిన ట్రయల్‌లో ఏడాది తర్వాత 0.6 శాతం తేడా కనిపించింది. అదనంగా ఇంకో షుగరు మాత్ర వేసుకుంటే వచ్చే తగ్గుదలకు ఇది దాదాపు దగ్గరగా ఉంటుంది. షుగరు అదుపు గుండెకు అవసరమని వేరే చెప్పాలా? గుండెకు చిగుళ్ల వల్ల మేలు జరిగేదుంటే ఈ దారిలోనే ముందు జరుగుతుందని నా అంచనా. షుగరు క్లినిక్కులో కాళ్లు, కళ్లు చూసినట్టే నోరు తెరిపించి చిగుళ్లు చూడటానికి రెండు నిమిషాలు చాలు. మన జిల్లా ఆసుపత్రుల్లో ఆ పని మొదలుపెట్టడానికి కొత్త పరిశోధనేదీ అక్కర్లేదు.

గుండెజబ్బు ఉండి చిగుళ్ల వైద్యానికి వెళ్లేవాళ్లకు రెండు మాటలు. బీపీకి వాడే ఆమ్లోడిపిన్ లాంటి మందులతో కొందరికి చిగుళ్లు పంటి మీదకు పెరుగుతాయి. అలా కనిపిస్తే మందు ఆపకుండా, మార్చవచ్చేమో మీ గుండె డాక్టరును అడగండి. స్టెంటు వేయించుకుని ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వాడుతున్నవాళ్లు గార తీయించుకునేటప్పుడు రక్తం కారుతుందేమోనని వాటిని సొంతంగా ఆపొద్దు. చిగుళ్ల నుంచి కారే రక్తాన్ని దూది అదిమి ఆపవచ్చు. స్టెంటులో గడ్డకట్టే రక్తం ప్రాణం తీస్తుంది.